చీకటి గదికి కావలి కన్ను



గడచిన కొలది మాసములుగా మాకు వచ్చుచున్న యుత్తరములలో నొక ప్రశ్న పలుమారులు కానవచ్చుచున్నది. "మా యింట వెలుతురు చొరని చిన్నగది యొకటి కలదు. అందొక కెమెరా పెట్టించవలెనని యనుకొనుచున్నాము. దుకాణమువారు చూపు పదిరకములలో నేది కొనవలెనో తోచకున్నది" అని కొందరు వ్రాసిరి. "కొని పెట్టించితిమి గాని, రాత్రివేళ తెల్లని మంచు గప్పినట్లుండుటయే తప్ప మనిషి జాడ తెలియుట లేదు" అని మరికొందరు వాపోయిరి. పట్టణములలోని అపార్టుమెంట్లయందు కిటికీలేని సామానుగది, పల్లెలలోని పాత పెంకుటిండ్లయందు ధాన్యపు కొట్టు, నడిమింటిచాటున నుండు పడకగది, అంగడి వెనుక నుండు సరకుల గది, ఇవన్నియు నీ కోవలోనివే. గుమ్మము ముందర పెట్టు కెమెరాలను గూర్చి చెప్పువారు పెక్కుమంది కలరు గాని, ఇంటిలోపలి యిరుకుగదిని గూర్చి చెప్పువారు తక్కువ. రెంటికిని సూత్రము లొకటి గావు. కావున నీ మాసమున నీ విషయమునే మీతో ముచ్చటింపదలచితిమి.

ఇట్టి యంత్రములు మగవారి వ్యవహారమని వెనుకాడు సోదరీమణులకు మొదట నొక సంగతి చెప్పవలసియున్నది. ఇంటి కావలికి కెమెరాను వినియోగించు పద్ధతిని తొలినాళ్లలోనే యోచించి పేటెంటు పొందినది యొక యిల్లాలు. ఆమె పేరు మేరీ వాన్ బ్రిటన్ బ్రౌను. న్యూయార్కు నగరములోని క్వీన్సు ప్రాంతమున కాపురముండిన నల్లజాతి వనిత, నర్సు. వేళగాని వేళల కొలువు, పిలిచిన వెంటనే పోలీసులు రాని పేట. తలుపు తట్టినవాడెవడో లోపలినుండియే తెలిసికొనవలెనని యామె తలంచెను. విద్యుత్పరికరముల పని తెలిసిన భర్త ఆల్బర్టుతో గూడి 1966లో దరఖాస్తు పెట్టగా, 1969 డిసెంబరు 2వ తేదీన పేటెంటు లభించెను. తలుపునకు వేర్వేరు ఎత్తులలో నాలుగు రంధ్రములు, వాని వెంబడి పైకి క్రిందికి కదలు కెమెరా, పడకగదిలో తెర, వెలుపలివానితో మాటలాడుటకు మైకు, కూర్చున్నచోటినుండియే గడియ తీయు మీట, ఇవి యా యమరికలోని భాగములు. ఇందొక విశేషము గమనింపుడు. ఆమె కెమెరా ఇంటిలోనుండి వెలుపలికి చూచినది. మనము నేడు దానిని లోపలికి త్రిప్పుచున్నాము. కన్ను లోపలికి తిరిగినపుడు జాగ్రత్త రెట్టింపు కావలయును.

కావున మొదట తేల్చుకొనవలసినది కెమెరా రకము గాదు. ఆ గదిలో మనము చూడదలచిన దేమి యనునది. ధాన్యపు కొట్టులోనికి ఎవరు వచ్చిరో తెలిసిన చాలునన్నచో చూడవలసినది గది యంతయు గాదు, ద్వారమొక్కటియే. ఉయ్యాలలోని పసిబిడ్డ మేల్కొన్నదో లేదో తెలియవలెనన్నచో ఉయ్యాల కనబడిన చాలును. వృద్ధులు రాత్రి లేచి తూలిపడుదురేమో యని భయమైనచో చూడవలసినది మంచము గాదు, మంచమునుండి స్నానాలగదికి పోవు దారి. ఈ ప్రశ్నకు సమాధానమును కాగితముమీద ఒక వాక్యముగా వ్రాసికొనకుండ దుకాణమునకు పోవలదు. అట్లు పోయినవారికి దుకాణదారుడు తనయొద్ద మిగిలియున్న దానినే మేలైనదిగా చూపును.

ఇక వెలుతురు మాట. కెమెరా యనునది కన్నువంటిది. వెలుగు లేనిదే చూడజాలదు. వెలుగును కొలుచుటకు లక్సు అను ప్రమాణము కలదు. ఒక మీటరు దూరమున నున్న కొవ్వొత్తి కాంతి రమారమి 1 లక్సు. నిండుపున్నమి వెన్నెల పావు లక్సునకు అటునిటుగా నుండును. కిటికీలేని గదికి తలుపు మూసినచో పట్టపగలైనను వెన్నెలపాటి వెలుతురు కూడ నుండదు. కెమెరా పెట్టెలమీద 0.01 లక్సు, 0.005 లక్సు అని చిన్నచిన్న అంకెలు అచ్చువేసి, అంత చీకటిలో కూడ చూడగలదని చెప్పుదురు. ఆ యంకె తయారుచేసినవారు తమ కనువైన రీతిని కొలిచినది. ఒక్కొక్క చిత్రమునకు వెలుగు చొచ్చు కాలమును పొడిగించి కొలిచినచో అంకె చిన్నదగును. అపుడు గోడయు కుర్చీయు చక్కగానే కనబడును గాని, నడచిపోవు మనిషి చెరిపిన ముగ్గువలె అలుకుకొనిపోవును. మనకు కావలసినది కుర్చీ గాదు గదా!

అందువలన చీకటిగదికి మొదటి మందు దీపము. అర వాటు నిద్రదీపము రాత్రికి పది గంటల చొప్పున నెలదినములు వెలిగినను కరెంటు యూనిట్టులో ఆరవవంతు కూడ ఖర్చు గాదు. సున్నము వేసిన గోడలు ఆ కొలది వెలుతురును గదియంతట పరచును. అంతమాత్రముననే సామాన్యమైన కెమెరా కూడ పనికివచ్చుటయే గాక, కొన్ని రకములు రంగులను సైతము చూపగలవు. దీపముండగనే యిల్లు చక్కబెట్టుకొమ్మని పెద్దలన్న మాట యిచ్చట నక్షరాల పొసగుచున్నది. దీపము పెట్టుటకు వీలున్నచోట దీపము మాని, కెమెరాకు రెండింతల సొమ్ము పోయుట తెలివి గాదు.

దీపము పెట్ట వీలులేనిచోట పరారుణ కిరణములు పనికివచ్చును. 1800వ సంవత్సరమున ఇంగ్లండులో విలియం హెర్షెలు అను ఖగోళశాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని గాజుపట్టకముద్వారా విడదీసి, ఒక్కొక్క రంగుపై ఉష్ణమాపకము నుంచి పరీక్షించుచు, ఎరుపునకు అవతల ఏ రంగును లేని తావున పాదరసము మరింత పైకెగయుట చూచెను. మన కంటికి గోచరింపని యా వెలుగే పరారుణము. కెమెరాలలోని సెన్సారునకు మాత్ర మది కొంతవరకు గోచరించును. పగటివేళ రంగులు చెడకుండ నా కిరణముల నడ్డగించు పలుచని గాజుపలక యొకటి లెన్సు వెనుక నుండును. చీకటి పడగనే అది ప్రక్కకు తొలగును, చిన్న దీపములు వెలుగును, చిత్రము నలుపు తెలుపులలోనికి మారును. టకీమను చప్పుడు వినబడినచో నా పలక కదలినదని గ్రహింపవలెను.

ఈ చిన్న దీపములు రెండు విధములు. 850 నానోమీటర్లవి దూరము ప్రసరించును గాని, చీకటిలో నెఱ్ఱని మిణుగురులవలె మసకగా కనబడును. 940 నానోమీటర్లవి మన కంటికి కనబడవు గాని, సెన్సారున కా కిరణములు తక్కువగా నానును గనుక దూరము తగ్గును. పెరటికైనచో మొదటివి మేలు. పది పండ్రెండడుగుల గదికి దూరముతో పనిలేదు; నిద్రించు పసివారి గదిలో ఎఱ్ఱని చుక్కలు లేకుండుటయే మేలు. కావున పడకగదులకు రెండవవి తగియుండును. మనిషి కదలగనే తెల్లని దీపము వెలిగించి రంగులలో చూపు కెమెరాలును కలవు. అవి సామానుగదికి బాగుగా నుండును. పడకగదిలో నిద్రాభంగము చేయును.

తెల్లని మంచు గప్పినదని వ్రాసిన సోదరీమణులకు ఇపుడు కారణము చెప్పెదము. పెద్ద ఆవరణములో 60 అడుగులు పోవలసిన కిరణములు ఎనిమిదడుగుల గదిలో గోడకు తగిలి వెంటనే వెనుకకు వచ్చును. వస్తువు దూరము సగమైనచో దానిపై పడు వెలుగు నాలుగింతలగును. అందుచేత దగ్గరకు వచ్చిన ముఖము సున్నపుముద్దవలె తెల్లబారి కనుముక్కుతీరు తెలియకుండ పోవును. ఎదుట నున్న వస్తువునుబట్టి తన దీపపు వెలుగును తానే తగ్గించుకొను గుణముగల కెమెరాలు కలవు; దుకాణములలో దీనిని స్మార్ట్ ఐఆర్ అందురు. చిన్నగదికి మెగాపిక్సెళ్లకంటె నిది ముఖ్యము. కెమెరాను కప్పునకు గాని ప్రక్కగోడకు గాని అంటించినట్లుంచక, జానెడైనను ఎడముంచవలెను. స్టీలు గిన్నెల అలమారు, అద్దము, గాజుపటములు, దోమతెర, ఇవి యెదురుగా నున్నచో కిరణములన్నియు తిరుగబడి వచ్చును. దోమతెర లోపల పండుకొన్నవారిని వెలుపలి కెమెరా చూడజాలదు; తెరనే చూపును. కిటికీ అద్దము వెనుకనుండి చూపుటయు నిట్టిదే.

గాజుబుడ్డి లోపల లెన్సును దీపములను కలిపి మూసిన గుండ్రని రకముకంటె, గ్రుడ్డువలె బయటికి తిరిగియుండి లెన్సునకును దీపములకును మధ్య అడ్డు గలిగిన రకము చిన్నగదులకు మేలు. మొదటిదానిపై దుమ్ముగాని, వ్రేలిముద్రగాని, అగరుధూపపు మసిగాని పడినచో లోపలి వెలుగే చెదరి చిత్రమును మసకచేయును. ఏ రకమైనను నెలకొకసారి మెత్తని పొడిగుడ్డతో తుడువవలెను. సాలీడు లెన్సు ముందర నొక్క దారము కట్టినను రాత్రియంతయు తెల్లని త్రాడు ఊగినట్లు కనబడును. దేవుని గదిలో ధూపము వేయువేళ చిత్రము కొంతసేపు మబ్బుపట్టుట సహజము, దానికి భయపడవలదు.

లెన్సు విషయమున గుర్తుంచుకొనవలసిన దొక్కటే. అంకె తగ్గినకొలది చూపు వెడల్పగును. సాధారణముగా మన యిండ్లకు దొరకు కెమెరాలలో 2.8 మిల్లీమీటర్ల లెన్సు 100 డిగ్రీలకు పైబడి చూచును. 4 మిల్లీమీటర్లది 80 డిగ్రీలకు కొంచెము పైన. 6 మిల్లీమీటర్లది 50 డిగ్రీల ప్రాంతము. నలుచదరపు గదిమూల 90 డిగ్రీలు గదా! మూలలో 2.8 మిల్లీమీటర్లది పెట్టినచో రెండు గోడలును చూపులో పడును. 4 మిల్లీమీటర్లదైనచో నేదో యొక గోడవెంబడి గ్రుడ్డితావు మిగులును. గోడ నడుమ పెట్టినచో ఈ లెన్సులలో నేదైనను ఇరుప్రక్కల మూలలు తప్పిపోవును. అయితే ద్వార మొక్కటే చూడవలసినచో వెడల్పు అక్కరలేదు. 4 మిల్లీమీటర్లతో ముఖము పెద్దదిగా కనబడును. ముందుగా వ్రాసికొన్న వాక్య మిచ్చట నక్కరకు వచ్చును.

మెగాపిక్సెళ్లు ఎక్కువైనకొలది మంచిదని దుకాణములలో చెప్పుదురు. వెలుతురున్నచోట నది కొంత నిజము. చీకటిలో సంగతి వేరు. ఒకే పరిమాణముగల సెన్సారును ఎక్కువ గళ్లుగా విభజించినచో ఒక్కొక్క గడికి వచ్చు వెలుగు తగ్గును. పది మందికి వండిన యన్నమును నలుబది మందికి వడ్డించినట్లుండును. పండ్రెండడుగుల గదికి 2 మెగాపిక్సెళ్లు చాలును. 4 దాటవలసిన పనిలేదు. దానికి బదులు లెన్సు ద్వారమెంత పెద్దదో అడుగుడు. ఎఫ్ అను నక్షరము ప్రక్కన నుండు సంఖ్య తగ్గినకొలది ద్వారము పెద్దది. ఎఫ్ 2.0 కంటె ఎఫ్ 1.6 ఒకటిన్నర రెట్లకు పైగా వెలుగును లోనికి రానిచ్చును, ఎఫ్ 1.0 నాలుగు రెట్లు రానిచ్చును. సెన్సారు పరిమాణమును కూడ అడిగి, రెండు కెమెరాల ధర సమానమైనపుడు సెన్సారు పెద్దదైన దానినే తీసికొనుడు.

చీకటిగది తలుపు తెరచినపుడు వెలుపలి వెలుతురు ఒక్కపెట్టున లోనికి వచ్చును. కెమెరా ద్వారమునకు సరిగా నెదురుగా నున్నచో వచ్చు మనిషి వెలుగుచట్రములో నల్లని బొమ్మవలె నుండును. కెమెరాను ద్వారమున్న గోడకు ప్రక్కనున్న గోడపైకి మార్చినచో నీ చిక్కు చాలవరకు తీరును. మార్చ వీలుగానిచో వైడ్ డైనమిక్ రేంజ్ అను సదుపాయమును చూచి కొనవలెను. అది వెలుగును నీడను వేరువేరుగా గ్రహించి సరిపుచ్చును.

ఇంత జాగ్రత్తతో కొన్నను కెమెరా సర్వజ్ఞుడు గాడు. పరారుణ కాంతిలో రంగులు మన కంటికి కనబడునట్లుండవు. నల్లరంగు అద్దిన బట్టలు కొన్ని యా కిరణములను తిప్పికొట్టుటచేత తెల్లగా కనబడును. పచ్చని యాకులు వెన్నెలలో మల్లెలవలె నుండును. కావున "రాత్రి కొట్టుగదిలోనికి తెల్లచీర కట్టినది వచ్చినది, మన పనిమనిషి నిన్న తెల్లచీరయే కట్టినది" అను తర్కమునకు మూలమే లేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడను సామెతను చెప్పుచు ఇంటిలోని ప్రతి మనిషిని శంకించుట కొందరికి అలవాటు. మసకచిత్రమును సాక్షిగా నిలిపి ఇంటింట పాచిపని చేసి బ్రదుకు నొక స్త్రీని వీథిలో నిలువదీసినచో, ఆమెకు మరునాటినుండి ఏ యింటను పని దొరకదు. పోయిన గరిటె బియ్యపుడబ్బాలో దొరకవచ్చును. పోయిన పేరు దొరకదు. చిత్రము ఒక ప్రశ్న వేయుటకు మాత్రమే పనికివచ్చును గాని తీర్పు చెప్పుటకు చాలదని గృహిణులు గుర్తెరుగవలెను. గదిలో కెమెరా కలదని పనివారికి మొదటిదినముననే చెప్పి చూపించుట ధర్మము. చెప్పిన యింట దొంగతనము తగ్గును. చాటున పెట్టిన యింట అనుమానము పెరుగును.

ఈ సందర్భమున మా వీథిలోని యొక యింటి ముచ్చట చెప్పవలసియున్నది. ఆ యింటి మామ్మగారికి ఎనుబదేండ్లు. ఒక్కడే కుమారుడు, అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున ఉద్యోగము. పగలు వంటమనిషి యుండును, రాత్రులు ఒంటరి. ఒకరాత్రి నీళ్లగదికి పోవుచు జారిపడి తెల్లవారువరకు నేలమీదనే యుండెను. కుమారుడు సెలవుపై వచ్చి, నడిమింటిచాటున నున్న యామె చీకటి పడకగదిలో మంచమునకు సరిగా ఎదురుగా మంచి విలువైన కెమెరా నమర్చి పోయెను. పదిదినములకే "మాష్టారూ, కెమెరా చెడినట్లున్నది, ఏమియు కనబడుట లేదు, ఒక్కసారి చూడగలరా" అని మా వారికి ఫోను చేసెను. మే మిరువురమును పోయి చూడగా కెమెరామీద తువ్వాలు కప్పియున్నది.

మామ్మగారు మమ్ము కూర్చుండబెట్టి, "పాడవలేదమ్మాయీ, నేనే కప్పాను. వాడు నా కడుపున పుట్టినవాడే, కాదనను. కాని నేను చీర మార్చుకునేవేళకి చూస్తున్నది వాడో, కోడలో, మనవడో నాకెలా తెలుస్తుంది చెప్పు? ముసలిదానికి సిగ్గేమిటని అనుకుంటారు కాబోలు. ఇంకొకమాట. నేను పడిపోతే వాడికి తెలియాలని ఇంత ఖరీదు పెట్టాడు. పడకుండా ఉండేందుకు ఒక చిన్నదీపమైనా పెట్టించలేదు" అనిరి.

ఆమె మాటకు మా వారు మారు పలుకక, ఆ సాయంకాలమే కుమారునితో మాటలాడిరి. మంచమునుండి నీళ్లగదివరకు గోడ క్రిందుగా రెండు నిద్రదీపములు పెట్టించిరి. నీళ్లగదిలో పట్టుకొనుటకు గోడకు కమ్మి బిగించిరి. కెమెరాను పడకగదినుండి తీసి, ఆమె నడచు నడవలోనికి మార్చిరి. పగటివేళ దాని లెన్సునకు మూత. ఆ మూత వేయుట తీయుట మామ్మగారి చేతిలోనిది. మనకు అర్ధరాత్రి యైనపుడు టెక్సాసులో పట్టపగలు గనుక, ఆమె నడవలోనికి వచ్చినపుడొకమారు, తిరిగి పోవునపుడొకమారు కుమారుని ఫోనునకు కబురందును. పావుగంటలోపల రెండవ కబురు రానిచో ప్రక్కయింటివారికి ఫోను. ఈ యేర్పాటు జరిగినది మొదలు మామ్మగారు తువ్వాలు కప్పలేదు. దీపములు పెట్టిన పిదప ఆ పాత కెమెరాయే ఆ నడవను మునుపటికంటె చక్కగా చూపుచున్నది.

మామ్మగారు చెప్పినది ఆచారము మాత్రమే గాదు, చట్టమును అదియే. వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టునందు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పుచెప్పెను. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను ప్రకారము, ఎవరును చూడరని నమ్మి ఏకాంతమున నున్న స్త్రీని దొంగచాటుగా చూచుటయు చిత్రించుటయు నేరము. మొదటి నేరమునకే ఒక సంవత్సరమునుండి మూడు సంవత్సరములవరకు కారాగారము, జుర్మానా. 2025లో కలకత్తా హైకోర్టు, అన్నదమ్ములు కలసి కాపురముండు నింటిలో తక్కినవారి సమ్మతి లేకుండ నివాసభాగమున కెమెరాలు నడుపరాదని తీర్పు చెప్పగా, సుప్రీంకోర్టు అందు జోక్యము చేసికొనలేదు. ఉమ్మడి కుటుంబములలోని సోదరీమణులు దీనిని తెలిసికొనియుండుట మంచిది. స్నానాలగది, బట్టలు మార్చుకొను గది, పనిమనిషి పండుకొను గది, అతిథుల గది, వీనిలో నేదియు కెమెరాకు తగిన చోటు గాదు.

ఇక నిలువచేయుట. 2 మెగాపిక్సెళ్ల కెమెరా సెకనునకు 1 మెగాబిట్టు చొప్పున వ్రాసినచో దినమునకు 10.8 గిగాబైట్లగును. 128 గిగాబైట్ల కార్డులో సుమారు పదకొండు దినముల చిత్రము నిలుచును. తరువాత పాతది చెరిగి క్రొత్తది చేరును. చీకటిచిత్రములలో ఇసుక చల్లినట్లు చుక్కలు కదలుచుండుటచేత కార్డు త్వరగా నిండును. దీపము పెట్టుటవలన నిదియొక లాభము. ఎడతెగక వ్రాయుటకు ప్రత్యేకముగా చేసిన కార్డునే కొనుడు. పాత యిండ్ల మందపు మట్టిగోడలు వైఫైని బలహీనపరచును. అందులోను 5 గిగాహెర్ట్‌జ్ కంటె 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగములు గోడలను మెరుగుగా దాటును. కరెంటు పోయినపుడు కెమెరాతోబాటు రూటరు కూడ ఇన్వర్టరుపై నడచునట్లు చూచుకొనవలెను. కదలిక కబురులు పంపు నమరికలో పంకా తిరుగుచోటు, తెర కదలుచోటు మినహాయింపుడు. లేకున్న రాత్రియెల్ల ఫోను మ్రోగును. మూడవనాడు దానిని వినుటయే మానుదురు.

గోడలకు చెవులున్నవని పెద్దలనిరి. నేడు కన్నులును వచ్చినవి గనుక తాళము మరింత గట్టిగా నుండవలెను. 2016లో మిరాయి అను దుష్టప్రోగ్రాము లోకమంతట లక్షలాది కెమెరాలు, రూటర్లలో చొరబడి, వానిచేతనే ఇంటర్నెట్టు సంస్థలపై దాడి చేయించెను. అది చొరబడుటకు గొప్ప విద్య లేమియు నక్కరలేకపోయెను. కంపెనీవారిచ్చిన మొదటి పాస్‌వర్డును కొన్నవారు మార్చకుండుటయే దానికి దారి. బిగించుటకు వచ్చిన కుఱ్ఱవాడు పోయిన వెంటనే పాస్‌వర్డు మార్చుడు; ఇంటిలో నిద్దరికి మించి తెలియనీయకుడు. మనదేశమున 2025 ఏప్రిల్ 9వ తేదీనుండి ఇట్టి కెమెరాలకు భద్రతాపరీక్షలు తప్పనిసరి చేయబడినవి. కొను రకము ఆ పరీక్షలలో నెగ్గి నమోదైనదా యని దుకాణమున అడుగుటకు జంకవలదు. పేరులేని చవుక సరకు కొన్నచో మన పడకటింటి చిత్రము ఎవరి చేతబడునో చెప్పజాలము.

కొని తెచ్చిన దినముననే గోడకు మేకు కొట్టవలదు. రాత్రి గదిలో దీపమార్పి, ఒక పీటమీదనో అలమారుపైననో కెమెరా నుంచి, ఇంటిలో నొకరిని ద్వారమునుండి లోనికి నడువుమనుడు. ముఖము పోల్చదగినట్లున్నదా, నడకలో అలుకుకొనిపోవుచున్నదా, గిన్నెల మెరపు అడ్డువచ్చుచున్నదా యని మరుచటి దినము ఫోనులో చూచుకొనుడు. రెండు మూడు చోట్ల మార్చి చూచిన పిదపనే మేకు. సరిపడనిచో తిరిగి యిచ్చుటకు గడువు ఎన్ని దినములో రసీదుమీద వ్రాయించుకొనుట మరువకుడు. అన్నిటికంటె ముందు, ఆ గదిలో మసలువారిని పిలిచి, "ఇది యిచ్చట నుండును, ఇంతవరకే చూచును, ఇదిగో దీని మూత" అని చూపుడు.

మీ గదుల కొలతలు, ద్వారము కిటికీల వైపులు వ్రాసి పంపినచో మాకు తెలిసినంతలో సమాధానము వ్రాయుదుము. వచ్చు మాసమున వర్షకాలపు చెమ్మనుండి పప్పుదినుసులను కాపాడుకొను విధములను గూర్చి ముచ్చటింతము.